సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకు వెబ్‌సైటు

శ్రోతలకు నమస్కారం.

తెలుగులో పుస్తకాలు అచ్చు వేయించుకుంటున్న రచయితల్లో చాలామందికి ప్రచురణకర్త, పంపిణీదారు, గుమాస్తా అన్నీ తామే. డీటీపీ (కంప్యూటరులో పేజీల కూర్పు) చేయించడం, ముఖచిత్రం వేయించడం, విజయవాడలోనో హైదరాబాదులోనో ప్రెస్సుకు డబ్బు కట్టడం వరకు పని ఒక పద్ధతిలో సాగిపోతుంది. ఆవిష్కరణ సభ ముగిసి, మిగిలిన కట్టలు ఇంటికి చేరిన తరువాతే అసలు చిక్కు మొదలవుతుంది. మన పుస్తకాల్లో లోపలి పేజీలో "ప్రతులకు" అని ఒక చిరునామా ఇవ్వడం ఆనవాయితీ. పుస్తకం చేతిలో ఉన్నవారికే ఆ చిరునామా కనబడుతుందన్నది వేరే సంగతి. ఆదిలాబాదులోనో డాలస్‌లోనో ఉంటూ, ఒక పుస్తకం గురించి ఎవరి ద్వారానో విని, అది ఎక్కడ దొరుకుతుందని వెతికే అపరిచిత పాఠకుడికి జవాబు చెప్పడమే రచయిత వెబ్‌సైటు చేయవలసిన మొదటి పని.

దానికి ఫేస్‌బుక్ పేజీ చాలదా అని అడిగేవారున్నారు. పలకరింపుకూ చర్చకూ అది మంచి చోటే. అయితే అక్కడ ఈ వారం రాసినది వచ్చే వారానికి అడుగున పడిపోతుంది. పైగా అది మన స్థలం కాదు. గూగుల్ ప్లస్ 2019లో మూతపడినప్పుడు అక్కడ రాసుకున్నవారంతా తమ రాతలను వేరే చోటికి తరలించుకోవలసి వచ్చింది.

తెలుగు రచయితకు ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య ఒకటుంది, దానిపై కాస్త ఎక్కువసేపు నిలుద్దాం. మన పుస్తకాలు చాలావరకు "అను" అనే పేరున్న డీటీపీ ఫాంట్లలో కంపోజ్ అవుతాయి. ఆ పద్ధతిలో తెర మీద తెలుగు కనిపించినా, కంప్యూటరు లోపల ఉన్నవి రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాలే. ఆ పాఠాన్ని యథాతథంగా వెబ్‌సైటులో పెడితే అర్థం లేని గుర్తులు కనబడతాయి. అందుకని చాలామంది పేజీని ఫొటోగా మార్చి పెట్టేస్తారు. ఫొటోలోని వాక్యాన్ని చూపులేని పాఠకుల కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మామూలుగా చదవలేదు, సెర్చ్‌లో అది దొరుకుతుందన్న భరోసా లేదు, చిన్న ఫోనులో పెద్దది చేసుకుంటే వరుస తెర దాటి పక్కకు పోతుంది. దీనికి విరుగుడు యూనికోడ్, అంటే ఒక్కో లిపిలోని అక్షరాలకు వేరువేరు సంకేతాలు కేటాయించే ప్రమాణం; 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అనులోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు కూడా ఉన్నాయి. మార్చిన తరువాత వత్తులు, అరసున్నలు, అంకెలు తారుమారు కాలేదని ఒకసారి ప్రూఫు దిద్దుకోవడం మాత్రం తప్పనిసరి.

ఆంగ్లం కోసం తయారైన పేజీ నమూనాలో తెలుగును పోస్తే మరో ఇబ్బంది వస్తుంది. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, లేకపోతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. రామభద్ర వంటి లావు ఫాంటు శీర్షికకు నిండుగా ఉంటుంది గాని, పది పేజీల కథను అందులో చదవమనడం పాఠకుణ్ణి శిక్షించడమే. కథకు నోటో శాన్స్ తెలుగు వంటి సాదా ఫాంటు, తెల్లని నేల మీద నల్లని అక్షరం మేలు.

పేజీ చిరునామాను మాత్రం రోమన్ లిపిలో చిన్నదిగా ఉంచుకోవాలి. తెలుగులో రాసిన చిరునామాను కాపీ చేసి పంపినప్పుడు ఒక్కో సంకేతం తరచుగా తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది; "నవల" అన్న మూడక్షరాల మాటే 27 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో అది అందుకున్నవారు మోసగాళ్ల లింకేమోనని భయపడినా ఆశ్చర్యం లేదు. తెలుగు చదివేవారిలో కూడా ఎంతోమంది సెర్చ్‌లో పేర్లను రోమన్ లిపిలోనే కొడతారు. లక్ష్మి అన్న పేరును ఎక్స్‌తో రాసేవారున్నారు, కె, ఎస్, హెచ్‌లతో రాసేవారున్నారు. అందువల్ల పరిచయ పేజీలో రచయిత పేరు తెలుగులోనూ, వాడుకలో ఉన్న రోమన్ రూపాలన్నిటిలోనూ, ఇంటిపేరుతో సహా ఉండాలి.

మొదటి పేజీలో ఏముండాలన్న విషయంలో నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. శాలువాలు కప్పించుకున్న ఫొటోల వల్ల ఒక్క ప్రతి కూడా అదనంగా అమ్ముడుపోదు. ఒక పూర్తి కథనో నవల మొదటి అధ్యాయాన్నో అక్కడే చదవనిస్తే, వాక్యం నచ్చిన పాఠకుడు పుస్తకం కోసం తానే అడుగుతాడు. అడిగినప్పుడు వెల, పేజీల సంఖ్య, అచ్చయిన సంవత్సరం, తపాలా ఖర్చు, యూపీఐలో డబ్బు పంపే వీలు, పుస్తకం దొరికే దుకాణాల పేర్లు ఒకేచోట ఉండాలి. ప్రతులు అయిపోతే అయిపోయాయని ఆ రోజే రాయాలి.

చివరిగా యాజమాన్యం సంగతి. సైటు తయారుచేసి ఇచ్చిన కుర్రవాడి ఖాతాలో కాక, రచయిత తన సొంత ఖాతాలోనే సైటు పేరును నమోదు చేయించుకోవాలి. డాట్ ఇన్ (.in) అని ముగిసే పేరును ఒకేసారి పదేళ్ల వరకు తీసుకోవచ్చు. గడువు మరచిపోతే అది మరొకరి పాలవుతుంది. మన చట్టం ప్రకారం రచయిత మరణం తరువాత 60 ఏళ్ల పాటు హక్కులు వారసులకు ఉంటాయి, అంతకాలమూ అనువదించదలచినవారు, మళ్లీ అచ్చు వేయదలచినవారు ఎవరిని అడగాలో తెలియాలి కనుక, హక్కుల కోసం సంప్రదించవలసినవారి ఈమెయిలు సైటులో ఉంచి, ఖాతా వివరాలూ పాస్‌వర్డూ ఇంట్లో ఒకరికైనా తెలియజేయడం అవసరం. నమస్కారం.