టీవీ షాపింగ్‌లో మోడల్ వెనక్కి ఎందుకు తిరగదు? మూడు కుర్తీల సెట్టు రివ్యూ

నమస్కారం. టీవీ షాపింగ్ ఛానళ్లలో బట్టల కార్యక్రమాలు చూసే అలవాటు మీకుంటే ఈసారి ఒక పని చేయండి. రిమోట్ తీసుకుని శబ్దం పూర్తిగా తగ్గించండి. యాంకర్ గొంతు ఆగగానే కుర్తీ మాట్లాడటం మొదలుపెడుతుంది.

నేను అలాగే చూసి తెప్పించిన సెట్టు ఇదిగో. మూడు కుర్తీలు, 1,299 రూపాయలు. పసుపు, నీలం, ఆకుపచ్చ. ఛానల్ పేరు చెప్పను. ఈ జబ్బు ఆ ఒక్క ఛానల్‌దే అయితే చెప్పేదాన్ని.

ముందు టీవీలో కనబడింది చెబుతాను. పసుపు కుర్తీ వేసుకున్న అమ్మాయి సన్నగా, పొడుగ్గా ఉంది. భుజం కుట్టు ఆమె భుజం ఎముక దాటి రెండు వేళ్ల మేర కిందికి జారింది. ముందుకు వంగినప్పుడల్లా మెడ తెరుచుకుంటోంది. పాపం, ఒక చేత్తో మెడ దగ్గర పట్టుకుని ఇంకో చేత్తో ప్రింటు చూపిస్తోంది. నీలం కుర్తీ అమ్మాయికేమో తుంటి దగ్గర చాలలేదు. రెండు పక్కలా కట్‌లు విచ్చుకుని లోపలి లెగ్గింగ్ నడుము దాకా కనబడుతోంది. కదలకుండా నిలబడితేనే ఇలా ఉంటే అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లెక్కేటప్పుడు ఎలా ఉంటుంది? సరిగ్గా ఆ సమయానికే యాంకర్ "చూడండి, ఎంత చక్కగా కుదిరిందో" అన్నట్టు చేతులు తిప్పుతోంది.

ఆకుపచ్చది మాత్రం కొలతలిచ్చి కుట్టించినట్టే ఉంది. నడుము దగ్గర ఒక్క ముడత లేదు. నాకు అనుమానం వచ్చింది దాని మీదే.

ఎందుకంటే ఆ అమ్మాయి కార్యక్రమం మొత్తంలో వెనక్కి తిరగలేదు. పక్కకు కూడా సగమే తిరిగి మళ్లీ కెమెరాకు ఎదురుగా నిలబడింది. ఫోటోలు తీసేచోట, వీడియోలు తీసేచోట అందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉంది. వదులుగా ఉన్న గుడ్డనంతా వీపు వైపు లాగి క్లిప్పులతోనో పిన్నులతోనో బిగిస్తారు. ముందు నుంచి చూస్తే నడుము తీర్చిదిద్దినట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తే కాగితాల కట్టలకు పెట్టే నల్ల క్లిప్పుల వరుస. ఆ అమ్మాయి వీపు నేను చూడలేదు కాబట్టి అక్కడ క్లిప్పులున్నాయని ప్రమాణం చేయను. కానీ ఛానల్ వాళ్లు ఆమె వేసుకుందని చెప్పిన సైజులోనే నా దగ్గరికి వచ్చిన ఆకుపచ్చ కుర్తీని ఇప్పుడు బట్టలు తొడిగి చూపించే ఈ బొమ్మకు వేస్తున్నాను, చూడండి. బొమ్మ నడుము ఆ అమ్మాయి నడుము కంటే లావే. అయినా పక్కన ఇంత గుడ్డ పిడికిట్లోకి వస్తోంది. టీవీలో అది ఎక్కడికి పోయినట్టు?

నా తీర్పు ఇప్పుడే చెబుతాను. జారిపోయిన పసుపు కుర్తీనీ, బిగిసిపోయిన నీలం కుర్తీనీ చూసి మనం నవ్వుకుంటాం. కానీ మనకు నిజం చెప్పినవి ఆ రెండే. అందంగా కనబడినదే మోసం చేసింది. పూర్తిగా కుదరని బట్ట వేసిన ఛానల్‌ను నేను నిర్లక్ష్యం అంటాను. వెనక బిగించి ముందు చూపించిన ఛానల్‌ను అంతకంటే పెద్ద మాటే అంటాను.

ఒక మాట. వ్యాఖ్యల్లో ఆ అమ్మాయిలను ఎవరూ ఏమీ అనకండి. తమకు ఇచ్చింది వేసుకున్నారు. ఆ ముగ్గురి ఒళ్లూ మూడు రకాలు, వచ్చిన శాంపిళ్లు మాత్రం ఒకే సైజువి అయి ఉండాలి. నేరుగా ప్రసారమయ్యే కార్యక్రమంలో కుట్టు విప్పి మళ్లీ వేసే తీరిక ఎవరికుంటుంది?

అసలు ఈ వ్యాపారం పుట్టిన తీరు వింటే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 1977లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక రేడియో స్టేషన్‌కు ఒక ప్రకటనదారు డబ్బుకు బదులు డబ్బా మూతలు తెరిచే కరెంటు పరికరాలు అంటగట్టాడు. వాటిని రేడియోలోనే అమ్మితే ఇట్టే అమ్ముడుపోయాయి. ఆ అమ్మకమే పెరిగి 1985 నాటికి దేశమంతా కనబడే హోమ్ షాపింగ్ నెట్‌వర్క్ అయింది. మరుసటి ఏడాది పెన్సిల్వేనియాలో క్యూవీసీ అనే ఇలాంటి ఛానలే మొదలైంది. మన దగ్గర 2008లో హోమ్‌షాప్18 వచ్చాక ఇరవై నాలుగు గంటలూ అమ్మే ఛానళ్లు అలవాటయ్యాయి. మూత తెరిచే పరికరం ఎవరి ఒంటికీ కుదరక్కర్లేదు. మిక్సీ, పెనం, దుప్పటి కూడా అంతే. బల్ల మీద పెట్టి తిప్పి చూపిస్తే చాలు. అదే పద్ధతిలో కుర్తీ అమ్మబోతేనే తంటా.

మన సుల్తాన్ బజార్‌లో, జనరల్ బజార్‌లో చీరల కొట్లు చూడండి. కొట్లో అబ్బాయి ప్యాంటు, చొక్కా మీదే చీర చుట్టుకుని, మీసం మెలేసుకుంటూ పైట వేసి చూపిస్తాడు. నాకు ఆ అబ్బాయి మీద ఉన్న నమ్మకం టీవీ మోడల్ మీద లేదు. అతని మీద ఆ చీర బాగుందని ఎవరూ అనుకోరు కదా, అందుకని రంగు, అంచు, పైట మాత్రమే చూస్తాం. చూడవలసింది అదే.

సరే, కుర్తీ ఏం మాట్లాడుతుందో బొమ్మ మీద చూద్దాం. భుజం కుట్టు భుజం చివరి ఎముక మీద కూర్చోవాలి. అది జారిందంటే ఆ సైజు ఆమెకు పెద్దది, మీకు సరిపోవచ్చు. ఛాతీ దగ్గర అడ్డంగా గీతలు లాగుతున్నాయంటే బిగుతు. నిలువుగా మడతలు పడుతున్నాయంటే వదులు. ఏటవాలు ముడతలు ఎటు లాగుతున్నాయో చూడండి, చాలాసార్లు అక్కడే గుడ్డ చాలలేదని అర్థం. పక్క కట్‌లు తలకిందులైన వి ఆకారంలో విచ్చుకుంటే సీటు కొలత, అంటే తుంటి చుట్టుకొలత, చాలలేదు. కొత్తవాళ్లకు వింతగా అనిపించేది చంక సంగతి. చంక కిందికి ఉంటే చెయ్యి సుఖంగా లేస్తుందనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. ఇదిగో, బొమ్మకు చేతుల్లేవు కాబట్టి నేనే వేసుకున్నాను. చెయ్యి పైకెత్తితే కుర్తీ మొత్తం పైకి లేచింది చూడండి. చంక బాగా కిందికి కోసి పెడితే ఒకే కుర్తీ నలుగురికి పడుతుంది, ఒక్కరికీ కుదరదు. "ఫ్రీ సైజు" అని రాసి ఉంటే ముందు నేను చూసేది అక్కడే. తెర మీద ఫోన్ నంబరు చూపించడానికి మోడల్ చెయ్యెత్తుతుంది కదా, అప్పుడు కింది అంచు ఎంత లేచిందో గమనించండి.

చీరలకు ఈ గొడవ ఉండదనుకుంటారు. చీర ఎవరికైనా కుదురుతుంది, నిజమే. మామూలుగా అయిదున్నర మీటర్ల చీర, 80 సెంటీమీటర్ల బ్లౌజు ముక్క. కానీ మోడల్ వేసుకున్న బ్లౌజు చాలాసార్లు ఆ ముక్కతో కుట్టింది కాదు, స్టూడియోలో ఉన్న రెడీమేడ్. మోచేతుల దాకా చేతులున్న బ్లౌజు చూసి మనసు పడతాం. పెద్ద కొలతలున్న వాళ్లకు అదే కావాలంటే టైలర్ మీటరు గుడ్డ అడుగుతాడు. ఇంకో చిన్న కిటుకు. కుచ్చిళ్లు లెక్కపెట్టండి. అంత సన్నని అమ్మాయికే అయిదంటే అయిదే కుచ్చిళ్లు వచ్చాయంటే ఆ చీర పొడవు అడిగి తెలుసుకోవలసిందే.

అసలు సైజుల గందరగోళం టీవీతో మొదలైంది కాదు. మనకంటూ ఒక భారతీయ కొలతల పట్టిక లేక తయారీదారులు విదేశీ పట్టికలను సర్దుకుని వాడుతూ వచ్చారు. అందుకే నిఫ్ట్, అంటే మన మాదాపూర్‌లో క్యాంపస్ ఉన్న ఫ్యాషన్ చదువుల సంస్థే, కేంద్ర జౌళి శాఖ తరఫున ఇండియాసైజ్ అనే సర్వే తలపెట్టింది. 15 నుంచి 65 ఏళ్ల వయసున్న పాతిక వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని ప్రణాళిక. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. వాపసు వచ్చే బట్టలు 20 నుంచి 40 శాతం ఉంటున్నాయనీ, ప్రధాన కారణం కుదరకపోవడమేననీ ఆ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు చెప్పారు. టీవీలో చూసి కొన్నవాళ్లకు ఆ మాటలో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఆర్డర్ చేసే ముందు ఫోనులో ఒక్క ప్రశ్న తప్పక అడగండి. "ఎల్ సైజు ఛాతీ 40 అన్నారు కదా, అది మనిషి కొలతా, కుర్తీ కొలతా?" ఈ తేడాతోనే సగం కుర్తీలు పాడవుతాయి. మనిషి కొలత కంటే కుర్తీ ఛాతీ రెండు నుంచి నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే ఊపిరాడదు. నేను అడిగితే అవతలి అమ్మాయి "మేడమ్, స్టాండర్డ్ సైజే" అంది. ఎవరి స్టాండర్డో చెప్పలేదు. విడిగా అమ్మే రెడీమేడ్ దుస్తుల మీద ఎస్, ఎమ్, ఎల్‌తో పాటు కొలతను సెంటీమీటర్లలోనూ చూపాలని 2022లో నిబంధన వచ్చింది. కాబట్టి కొలత అడగడం గొంతెమ్మ కోరిక కాదు. చెప్పింది ఒకటి, వచ్చింది ఇంకొకటి, వాపసు తీసుకోమంటే మొండికేస్తున్నారంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఇక ఈ సెట్టుకు మార్కులు. బట్ట మెత్తగా ఉంది, ఉతికితే నీలం రంగు కొంచెమే వదిలింది. కుట్టు బాగానే ఉంది. లోపల మార్జిన్ మాత్రం అర అంగుళం కూడా లేదు, అంటే వదులు తగ్గించవచ్చు గానీ బిగుతు విప్పడానికి లేదు. సన్నగా ఉన్నవాళ్లు తీసుకుంటే వీధి చివర ఆల్టరేషన్ టైలర్‌కు ఒక్కో కుర్తీకి ఇంకో వంద, నూటయాభై కలుపుకోండి. సీటు కొలత ఎక్కువున్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి. అయిదుకు రెండున్నర ఇస్తున్నాను. పసుపుదీ నీలందీ ఉంచుకుంటాను. ఆకుపచ్చ కుర్తీ వాపసు పంపుదామంటే సెట్టుగా పంపితేనే తీసుకుంటామన్నారు, ఆ బేరం ఇంకా నడుస్తోంది. ఏమైందో కింద మొదటి వ్యాఖ్యలో రాస్తాను.