సొంత పద్దు, సొంత ఓటు: అమెరికా కాంగ్రెస్ తన ఖర్చుకు నిధులు మంజూరు చేసుకునే తీరు

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

ప్రజల సొమ్ము ఖర్చు పెట్టే ప్రతి శాఖా ఏటా ఒకసారి ఎవరో ఒకరి ముందు లెక్కలు పట్టుకుని నిలబడవలసిందే. శాఖలు ఆర్థిక శాఖను అడుగుతాయి, ఆర్థిక శాఖ మంత్రివర్గాన్ని ఒప్పిస్తుంది, మంత్రివర్గం చట్టసభ అనుమతి తీసుకుంటుంది. మరి చట్టసభ ఎవరిని అడగాలి? దాని పైన అడగడానికి ఎవరూ లేరు. తనకు కావలసినది తానే అడిగి, తానే విచారించి, తానే మంజూరు చేసుకోవాలి. ఈ ఏర్పాటు గురించి వినగానే ఎవరికైనా కలిగే అనుమానం ఒకటే: అడిగేవారూ ఇచ్చేవారూ ఒకరే అయినప్పుడు చేతివాటానికి అడ్డేముంది? అమెరికా కాంగ్రెస్ చరిత్రను కొంత దగ్గరగా చదివిన మీదట నాకు కలిగిన అభిప్రాయం వేరు. అక్కడి సభ్యులను ఈ విషయంలో నడిపించినది ఆశ కన్నా ఎక్కువగా ఓటరంటే ఉన్న భయం. ఆ భయం వల్ల ఖజానాకు మిగిలింది తక్కువ, చట్టసభ తెలివితేటలకు జరిగిన నష్టం ఎక్కువ. ఈ రోజు ఆ మాటను వివరించడానికే ప్రయత్నిస్తాను.

ముందు బిల్లు సంగతి. చట్టం ద్వారా మంజూరు కానిదే ఖజానా నుంచి ఒక్క డాలరూ బయటకు రాకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం చెబుతుంది. మన శాసనసభల్లో బడ్జెట్ చివర ఒకే ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అమెరికాలో ఏటా పన్నెండు వేర్వేరు బిల్లులు రావాలి, ఒక్కొక్క దానికి రెండు సభల్లోనూ ఒక్కొక్క ఉపసంఘం ఉంటుంది. ఆ పన్నెండింటిలో రక్షణ శాఖ బిల్లు కొండంత ఉంటే, చట్టసభ విభాగపు బిల్లు అన్నింటిలోకీ చిన్నది. 2024 ఆర్థిక సంవత్సరానికి దాని మొత్తం సుమారు 675 కోట్ల డాలర్లు. ఏటా ఓటు ద్వారా మంజూరయ్యే ఫెడరల్ వ్యయంలో ఇది అర శాతం కూడా కాదు.

ఈ డబ్బంతా సభ్యుల జేబుల్లోకి వెళుతుందనుకుంటే పొరపాటు. ప్రతినిధుల సభ, సెనేట్ కార్యాలయాలతో పాటు కాంగ్రెస్ భవనాలకు కాపలా కాసే క్యాపిటల్ పోలీసులు, భవనాలన్నింటినీ చూసుకునే ఆర్కిటెక్ట్ కార్యాలయం, ప్రభుత్వ ఖర్చుల మీద తనిఖీ జరిపే జీఏఓ, బిల్లులకు అయ్యే ఖర్చు అంచనా వేసే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు, ప్రభుత్వ ముద్రణాలయం, చివరికి ఒక వృక్షోద్యానం కూడా ఈ పద్దు కిందికే వస్తాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా దీని మీదే బతుకుతుంది. ఆ గ్రంథాలయానికి 1962 నుంచి న్యూఢిల్లీలో ఒక కార్యాలయం ఉంది. మన దేశంలో వెలువడే పుస్తకాలను, తెలుగు పుస్తకాలతో సహా, అక్కడి నుంచే సేకరించి వాషింగ్టన్‌కు పంపుతారు. కాబట్టి ఈ బిల్లు ఆగితే మనకేమిటి అనుకునే తెలుగు పరిశోధకులు ఒక్క క్షణం ఆలోచించాలి.

ఇక నడక. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. దానికి దాదాపు ఏడాది ముందే ఈ సంస్థలన్నీ తమ అంచనాలను అధ్యక్షుడి బడ్జెట్ కార్యాలయానికి పంపుతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన నియమం ఉంది. మిగతా శాఖల అంచనాలను అధ్యక్షుడు కోయవచ్చు, పెంచవచ్చు, కొట్టివేయవచ్చు. చట్టసభ పంపిన అంకెలను మాత్రం ఏ మార్పూ చేయకుండా తన బడ్జెట్‌లో చేర్చి తిరిగి కాంగ్రెస్‌కే పంపాలని చట్టం చెబుతుంది. ఆ మేరకు అధ్యక్షుడి కార్యాలయం ఒక తపాలా కార్యాలయమే. తన చేష్టలను ప్రశ్నించవలసిన సభ తిండిగింజలను కార్యనిర్వాహక వర్గం కొలిచి పోయకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన, నా దృష్టిలో చాలా సరైన ఆలోచన.

వసంతకాలంలో ఉపసంఘాలు విచారణలు జరుపుతాయి. పోలీసు అధిపతి, గ్రంథాలయాధిపతి, బడ్జెట్ ఆఫీసు డైరెక్టర్ వంటి వారు వచ్చి సమాధానాలు చెబుతారు. తరువాత ఉపసంఘం, పూర్తి కేటాయింపుల సంఘం, నియమాల సంఘం, సభ, ఓటు. ఈ దారి అన్ని బిల్లులకూ ఒకటే కనుక దాని మీద ఎక్కువసేపు ఆగను. ఆగవలసినది ఈ బిల్లుకే ప్రత్యేకమైన ఒక మర్యాద దగ్గర.

సంప్రదాయం ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లులు ప్రతినిధుల సభలోనే పుడతాయి. కానీ ప్రతినిధుల సభ తయారు చేసే చట్టసభ విభాగపు బిల్లులో సెనేట్ ఖర్చులు ఉండవు. సెనేట్ కార్యాలయ భవనాల ఖర్చు కూడా ఉండదు. ఆ స్థలాన్ని ఖాళీగా వదిలేస్తారు. బిల్లు సెనేట్‌కు చేరాక సెనేటర్లు తమ పద్దును తామే రాసుకుంటారు, ప్రతినిధుల సభ పద్దు జోలికి పోరు. ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకున్న అన్నదమ్ములు ఒకరి గిన్నె మీద మూత మరొకరు తీసి చూడనట్టే ఇదీ. నిజమైన బేరసారాలు గ్రంథాలయం, జీఏఓ, పోలీసు వంటి ఉమ్మడి పద్దుల మీదే జరుగుతాయి. ఈ ఏర్పాటును ఏ రాజ్యాంగ నిబంధనా ఆజ్ఞాపించలేదు. కానీ ఒక సభ రెండవ సభను డబ్బుతో లొంగదీసుకోకుండా ఇది కాపాడింది. దీని మరో ముఖాన్ని చివరలో చూద్దాం.

ఇప్పుడు భయం సంగతికి వస్తాను. 1816లో కాంగ్రెస్ తన సభ్యులకు రోజుకు 6 డాలర్ల భత్యం బదులు ఏడాదికి 1,500 డాలర్ల జీతం నిర్ణయించుకుంది. దేశమంతా మండిపడింది. ఆ ఏడాది ఎన్నికల తరువాత ప్రతినిధుల సభ సభ్యుల్లో చాలామంది తిరిగి రాలేదు, చట్టం రద్దయింది. 1873లో మళ్లీ ధైర్యం చేసి, జీతాన్ని 5,000 నుంచి 7,500 డాలర్లకు, అదీ గడిచిపోయిన కాలానికి కూడా వర్తించేలా పెంచుకున్నారు. పత్రికలు దానికి జీతాల దోపిడీ అని పేరు పెట్టాయి. మరుసటి ఏడాదే సభ్యుల పెంపును వెనక్కి తీసుకున్నారు. ఒక ఎన్నిక జరిగేదాకా జీతాల మార్పు అమలులోకి రాకూడదంటూ రాజ్యాంగ నిర్మాతల్లో ఒకరైన మాడిసన్ 1789లో ప్రతిపాదించిన సవరణ రెండు వందల ఏళ్లు మూలపడి ఉండి, 1992లో ఇరవై ఏడవ సవరణగా రాజ్యాంగంలోకి చేరింది. ఓటరు ఈ విషయాన్ని మరిచిపోడని సభ్యులకు ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?

నిజానికి సభ్యుల జీతాలు ఈ వార్షిక బిల్లులో లేనే లేవు. 1981లో చేసిన చట్టంతో వాటిని శాశ్వత కేటాయింపు కిందికి మార్చారు. ఏటా ఓటు లేకుండానే చెల్లింపు జరుగుతుంది. 1989 నాటి మరో చట్టం ప్రకారం ఏటా కొంత పెంపు దానంతటదే రావాలి. కానీ 2009 తరువాత ఆ పెంపును ఆపే ఒక వాక్యాన్ని మాత్రం ఏటా ఏదో ఒక చట్టంలో చేరుస్తూ వచ్చారు. అందువల్ల సాధారణ సభ్యుడి జీతం 2009 నుంచి 1,74,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2019 జూన్‌లో ఈ వాక్యం విషయమై గొడవ రేగి, ప్రతినిధుల సభ నాయకత్వం చట్టసభ విభాగపు బిల్లును పలు నిధుల బిల్లులు కలిపిన పెద్ద కట్టలోంచి తీసేసి పక్కన పెట్టింది. 2024 డిసెంబర్‌లో తాత్కాలిక నిధుల బిల్లు ముసాయిదాలో ఆ వాక్యం కనబడకపోవడం మరో దుమారానికి కారణమైంది. తుది చట్టంలో జీతాల స్తంభన యథాతథంగా నిలిచింది.

మన దగ్గర ఈ చిక్కును వేరేగా విడదీశారు. లోక్‌సభ స్పీకరు, రాజ్యసభ అధ్యక్షుల జీతభత్యాలు 112వ అధికరణం ప్రకారం సంచిత నిధిపై నేరుగా పడే వ్యయం, వాటి మీద ఓటింగ్ ఉండదు. ఎంపీల జీతాలను 2018లో ద్రవ్యోల్బణ సూచీకి ముడిపెట్టారు. ఆ లెక్క ప్రకారమే 2025 మార్చిలో లక్ష రూపాయల జీతం 1,24,000 అయింది. ఎవరూ చేయి ఎత్తనవసరం లేదు, ఎవరూ నింద మోయనవసరం లేదు. ఇది మంచిదా కాదా అన్నది మరో ప్రసంగానికి విషయం. అమెరికన్లు మాత్రం అటువంటి యంత్రాన్ని బిగించుకుని, ఏటా తమ చేతులతో తామే దాన్ని ఆపుకుంటున్నారు.

సభ్యుల జీతం గడ్డకడితే నష్టమేమిటని మీరు అడగవచ్చు. సభ్యుడి కన్నా సిబ్బందికి ఎక్కువ ఇవ్వకూడదన్న పట్టింపు చాలాకాలం నడిచింది కాబట్టి, అనుభవం గడించిన సహాయకులు ఎక్కువ జీతం ఇచ్చే లాబీయింగ్ సంస్థల వైపు వెళ్లిపోతూ వచ్చారు. 2021 ఆగస్టులో ప్రతినిధుల సభ ఆ ముడిని విప్పి సిబ్బంది గరిష్ఠ జీతాన్ని 1,99,300 డాలర్లకు పెంచింది. మరుసటి ఏడాది సభ్యుల కార్యాలయ భత్యం మొత్తం 21 శాతం పెరిగింది. అప్పటిదాకా జరిగిన నష్టం అంకెల్లోకి ఎక్కేది కాదు.

అంకెల్లోకి ఎక్కిన నష్టం ఒకటుంది. సాంకేతిక విషయాలపై కాంగ్రెస్‌కు నిష్పాక్షికమైన అధ్యయనాలు అందించడానికి 1972లో ఒక సాంకేతిక మదింపు కార్యాలయం ఏర్పడింది. 1995లో కొత్త మెజారిటీ పొదుపు మంత్రంతో వచ్చి, ముందు మన ఇంట్లోనే కోత పెట్టి చూపిద్దాం అంది. ఏడాదికి సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు ఖర్చయ్యే ఆ కార్యాలయానికి చట్టసభ విభాగపు బిల్లులో నిధులు ఆపేశారు, 1995 సెప్టెంబర్‌లో తలుపులు మూసేశారు. విచిత్రమేమిటంటే దాన్ని స్థాపించిన చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కాగితం మీద ఆ సంస్థ ఉంది, డబ్బు మాత్రమే లేదు. ఒక సంస్థను చర్చ లేకుండా అంతం చేయాలంటే కేటాయింపుల బిల్లును మించిన ఆయుధం లేదు. అదే ఏడు జీఏఓ నిధులకు కూడా భారీగా కోత పెట్టారు. ఆ తరువాతి పాతికేళ్లలో అంతర్జాలం, జన్యుశాస్త్రం, కృత్రిమ మేధ లోకాన్ని తలకిందులు చేశాయి. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి 2019లో జీఏఓలోనే ఒక శాస్త్ర సాంకేతిక విభాగాన్ని పెట్టవలసివచ్చింది. ఓటరుకు చూపించుకోవడానికి మిగిల్చిన ఆ రెండు కోట్ల డాలర్లకు ఇంత ధర పడింది.

ఇదే 1995 బిల్లుకు మరో ఘట్టం ఉంది. చట్టసభ విభాగపు బిల్లు ముందుగా తన ముందుకు రాగానే అధ్యక్షుడు క్లింటన్ అక్టోబర్ 3న దాన్ని వీటో చేశారు. బిల్లులోని అంశాలతో ఆయనకు పెద్ద పేచీ లేదు. దేశానికి కావలసిన బిల్లులు పెండింగులో ఉండగా కాంగ్రెస్ తన సొంత పద్దును మాత్రం ముందు తెమల్చుకోవడం తగదన్నది ఆయన వాదన. అవే అంశాలతో తిరిగి వచ్చిన మరో బిల్లుపై నవంబర్ 19న సంతకం చేశారు. ఆ పైన డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారం వరకు నిధుల బిల్లులు తెమలక అనేక శాఖలు మూతపడినప్పుడు కాంగ్రెస్‌కు మాత్రం నిధులున్నాయి. 2018లోనూ ఇదే జరిగింది: సెప్టెంబర్ 21న సంతకమైన కట్టలో చట్టసభ పద్దు ఉండటం వల్ల, డిసెంబర్‌లో మొదలైన 35 రోజుల మూసివేత కాంగ్రెస్‌ను తాకలేదు. ముందే నిధులు తెచ్చుకుంటే స్వార్థమంటారు, తెచ్చుకోకపోతే పోలీసులు జీతం లేకుండా కాపలా కాయాలి. ఈ విషయంలో నేను క్లింటన్ పక్షాన లేను.

తేలిగ్గా ఆమోదం పొందుతుందనుకునే ఈ చిన్న బిల్లు ఓడిపోవడమూ ఉంది. 2024 జూలై 11న ప్రతినిధుల సభలో 2025 సంవత్సరపు చట్టసభ విభాగపు బిల్లు 205–213 తేడాతో వీగిపోయింది. మెజారిటీ పార్టీలోని కొందరు సొంత నాయకత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఏడాదికి విడి బిల్లు ఏదీ రాలేదు. 2025 మార్చిలో వచ్చిన ఏడాది పొడవు తాత్కాలిక నిధుల చట్టంతోనే సరిపెట్టుకున్నారు.

చివరగా 2025 నాటి ఉదంతం. ఆగస్టు 1న సెనేట్ మూడు బిల్లులను ముందుకు తెచ్చినప్పుడు, చట్టసభ ఖర్చు పెరుగుతోందని అభ్యంతరం చెప్పిన లూసియానా సెనేటర్ జాన్ కెనెడీ పట్టుబట్టడంతో ఈ పద్దును విడదీసి వేరే ఓటుకు పెట్టారు, 81–15తో గట్టెక్కింది. చట్టం కావడానికి మాత్రం 43 రోజుల మూసివేత గడవవలసివచ్చింది. ఆ రోజుల్లో శాశ్వత కేటాయింపు ఉన్న సభ్యులకు జీతం నడిచింది, క్యాపిటల్ పోలీసులకూ సిబ్బందికీ నడవలేదు. నవంబర్ 12న సంతకమైన చట్టంలో వ్యవసాయ, సైనిక నిర్మాణాల బిల్లులతో పాటు చట్టసభ బిల్లు కూడా పూర్తి ఏడాదికి చేరింది.

దానిలో సెనేట్ తనకు సంబంధించిన భాగంలో ఒక నిబంధన పెట్టుకుంది: తెలియజేయకుండా తమ ఫోన్ రికార్డులు సేకరిస్తే సెనేటర్లు ప్రభుత్వం మీద దావా వేసి, ఒక్కొక్క ఉల్లంఘనకు కనీసం 5 లక్షల డాలర్ల పరిహారం పొందవచ్చునని. అదీ 2022 నుంచి వర్తించేలా. ఇందాక చెప్పిన మర్యాదకు ఇదే మరో ముఖం. ఒకరి పద్దును మరొకరు ప్రశ్నించని అలవాటు ఉన్నప్పుడు, ఆ పద్దులో డబ్బు కాని విషయం కూడా దాక్కుంటుంది. ప్రతినిధుల సభ ముందు ఆ రోజున్న దారులు రెండే: కట్టనంతా ఆమోదించడం, లేదా మూసివేతను పొడిగించడం. 222–209తో ఆమోదించారు. వారం తిరిగేసరికి అదే సభ ఆ ఒక్క నిబంధనను తొలగించే బిల్లును 426–0తో ఆమోదించి సెనేట్‌కు పంపింది. ఒక్కరు కూడా దానికి అడ్డు ఓటు వేయలేదు. అయినా ఆ ఓటు ఒక్కదానితో చట్టంలో అక్షరం కూడా మారలేదు, ఎందుకంటే దానికి ఒప్పుకోవలసినది సెనేటే.