చెనక్కాయ గింజలో చర్మానికి కాపలా

శ్రోతలకు నమస్కారం.

పోయిన వారం మా పక్కింటి అమ్మాయి మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని వచ్చింది. ఇంటర్ చదువుతోంది. చున్నీ తీస్తే రెండు బుగ్గలూ కందిపోయి, సన్నని పొక్కులు. "చిన్నమ్మా, విటమిన్ ఇ పూసుకుంటే మొటిమల మచ్చలు పోతాయన్నారు" అంది. మెడికల్ షాపులో పచ్చ క్యాప్సూల్స్ కొని, రోజూ రాత్రి ఒకటి సూదితో పొడిచి, ఆ జిగట నూనె మొహమంతా పూసుకుందట. నాలుగో రోజుకు దురద మొదలైంది.

అనంతపురంలో ఉంటూ విటమిన్ ఇ కోసం ఆ పిల్ల మెడికల్ షాపుకు పోవడం నాకు బాధనిపించింది. మన చేన్లలో పండేదే అది.

ఇంట్లో పాత చెనక్కాయలుంటే ఒక కాయ ఒలిచి చూడండి. కొందరు బుడ్డలంటారు, ఏ పేరైనా ఒకటే. ఎర్రటి పొట్టు తీసి పప్పును గోటితో గట్టిగా నొక్కితే వేలికి నూనె అంటుతుంది. గింజలో దాదాపు సగం నూనే. అంత నూనె ఉన్నా, బాగా ఎండిన కాయలో ఆ గింజ నెలల తరబడి కమ్మగానే ఉంటుంది. అదే నూనెను గిన్నెలో పోసి మూత లేకుండా ఎండలో పెడితే తొందరగా ముక్కవాసన పట్టేస్తుంది. గాలి, వెలుతురు, వేడి నూనెను చెడగొడతాయి. చెట్టు తన గింజలోని నూనెకు కొంత కాపలా పెట్టుకుంటుంది. ఆ కాపలాల్లో ఒకటి విటమిన్ ఇ.

మన చర్మంలోనూ ఇదే పని జరుగుతుంది. చర్మంలో ఉన్న ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పలుచని పొర ఉంటుంది. మన వైపు వేసవి ఎండ మీకు తెలిసిందే. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలో ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు అణువులు పుట్టి ఆ కొవ్వు పొర మీద పడతాయి. ఒకచోట మొదలైన చెడు పక్కదానికి, అక్కడి నుంచి ఆ పక్కదానికి అంటుకుంటూ పోతుంది. విటమిన్ ఇ మధ్యలో నిలబడి ఆ దెబ్బ తాను తిని, ఆ వరసను తెంపేస్తుంది. అలా ఖర్చయిపోయిన విటమిన్ ఇని మళ్లీ పనికొచ్చేలా చేసేది విటమిన్ సి. అందుకే పొద్దున ఉగ్గాని మీద నిమ్మకాయ పిండుకోవడం, మధ్యాహ్నం ఒక జామకాయ తినడం మంచి అలవాట్లంటాను.

తిన్న విటమిన్ ఇ చర్మం పైకి ఎలా వస్తుందని అడగొచ్చు. మొహం మీద జిడ్డు అని మనం విసుక్కుంటామే, అదే మోసుకొస్తుంది. చర్మం కింది గ్రంథులు ఊరించే ఆ జిడ్డుతో పాటు విటమిన్ ఇ కూడా పైకి వచ్చి పరుచుకుంటుంది.

1922లో అమెరికాలో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరీన్ బిషప్ దీన్ని కనిపెట్టింది ఎలకల్లో గర్భం ఎందుకు నిలవడం లేదో వెతుకుతూ. అందం ఊసు అప్పుడు లేదు.

మచ్చల మాటకొస్తే, 1999లో శస్త్రచికిత్స మచ్చల మీద విటమిన్ ఇ పూసి చూసిన ఒక చిన్న పరిశీలన అచ్చయింది. ఎక్కువమందిలో మచ్చ తగ్గలేదు. మూడో వంతు మందికి చర్మం వాచి దురద పెట్టింది. మా పక్కింటి పిల్లకు జరిగింది కూడా ఇదే అనుకుంటున్నాను. మాయిశ్చరైజర్లలో కొద్దిగా కలిపే విటమిన్ ఇ వేరు, క్యాప్సూల్‌లోని చిక్కటి నూనె వేరు. ఎండకు అది గొడుగూ కాదు, తలగుడ్డా కాదు. చేనికి పోయేవాళ్లు తలకు టవల్ చుట్టుకోవాల్సిందే.

పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు చాలని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. 100 గ్రాముల చెనిగ్గింజల్లో సుమారు 8 మిల్లీగ్రాములు దొరుకుతుంది. పొద్దుతిరుగుడు గింజల్లో, బాదంలో ఇంకా ఎక్కువ. బాదం అందరూ కొనలేరు, కొనలేదని దిగులూ వద్దు. సంగటిలోకి చెనిగ్గింజల ఊరుబిండి, వారంలో రెండుసార్లు పాలకూర పప్పు, తాలింపులోకి పొద్దుతిరుగుడు నూనె, ఇలా కొంచెం కొంచెం కలుస్తుంది. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి నూనె చుక్క లేని తిండితో సరిగా ఒంటబట్టదు. బజ్జీలు వేసిన నూనెనే మళ్లీ మళ్లీ మరగబెడితే మాత్రం అందులో విటమిన్ ఇ నిలవదు.

మింగే క్యాప్సూల్స్ కూడా ఎవరో చెప్పారని మొదలుపెట్టకండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు ఎక్కువ మోతాదు వల్ల రక్తస్రావం ప్రమాదం ఉంది. డాక్టరును అడిగే తీసుకోండి. చెనక్కాయలు పడనివాళ్లు వాటి జోలికి పోవద్దు. బూజు పట్టిన గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉండొచ్చు, కడిగి వేయించినా అది పోదు. పారేయండి.

ఆ అమ్మాయిని చర్మ వైద్యుల దగ్గరికి పంపించాను. నిన్న సాయంత్రం చున్నీ లేకుండానే వచ్చింది. బుగ్గల మీద ఎరుపు చాలా తగ్గింది. వాళ్లమ్మ ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి చెనక్కాయలు గిన్నె నిండా పంపింది. ఇద్దరం గడప మీద కూర్చుని ఒలుచుకుని తిన్నాం.

సెలవు. నమస్కారం.