జెల్ల తగ్గిన సముద్రం: మత్స్యకారుల ప్రశ్నలు, జవాబులు

వ్యాఖ్యాత: నమస్కారం. సముద్రం అడుగున మేసే జెల్ల, టేకు, గొరక వంటి చేపలు తగ్గిపోవడంపై మత్స్యశాస్త్ర విశ్రాంత అధ్యాపకులు ఈరోజు మీ ప్రశ్నలకు జవాబిస్తారు. మొదటి శ్రోత కొత్తపట్నం నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్కారం సార్. మా నాన్న తెప్ప మీద ఒక పూటలో తెచ్చినన్ని జెల్లలను నేను ఇంజను బోటుతో రాత్రంతా తిరిగినా తేలేకపోతున్నాను, పడినవి కూడా జానెడు దాటడం లేదు. పెద్ద బోట్లకు మాత్రం పడుతున్నాయి కాబట్టి చేప లోతుకు పోయిందేగాని తగ్గలేదని మా పాలెంలో అంటున్నారు. అది నిజమేనా?

అధ్యాపకులు: ఆ మాటను నమ్మి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం ఎంతో నష్టపోయింది బాబూ. అక్కడ కాడ్ అనే అడుగు చేప తగ్గుతోందని ఒడ్డు దగ్గర వేటాడే చిన్న మత్స్యకారులు 1980లలోనే మొరపెట్టుకున్నారు, కానీ పెద్ద ఓడలు మిగిలిన చేప గుమిగూడిన చోటును వెతికి పట్టుకుంటూ ఉండడంతో లెక్కల్లో పట్టు బాగానే కనిపించింది. చివరకు 1992 జూలై 2న ప్రభుత్వం వేట ఆపేసింది, సుమారు 30,000 మంది పని కోల్పోయారు. రెండేళ్లకని పెట్టిన ఆ నిషేధం ఎత్తివేయడానికి 2024 దాకా పట్టింది. కాడ్ లక్షల గుడ్లు పెట్టే చేప. మన జెల్ల పెట్టేవి కొన్ని పదులు మాత్రమే, గోలీకాయల్లాంటి ఆ గుడ్లను మగచేప నోట్లో పెట్టుకుని, అవి పిల్లలయ్యేదాకా మేత ముట్టకుండా కాపాడుతుంది. అలాంటి మగచేపల గుంపు మీద ఒక్క వల పడితే తండ్రితోపాటు రాబోయే తరమంతా పోతుంది. ఒకప్పుడు కర్ణాటక తీరంలో జెల్లలు అలాగే దెబ్బతిన్నాయి.

శ్రోత: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతున్నాం కదా, అది సరిపోదా?

అధ్యాపకులు: అది అవసరమే, కానీ జూన్ 15న అన్ని బోట్లూ సన్నకన్ను వలలతో అదే చోటికి పోతే ఆ రెండు నెలల ఫలం నిలవదు. సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వల చివరి సంచిలో వజ్రాకారపు కన్ను లాగుడుకు మూసుకుపోతుంది, చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది కాబట్టి పిల్లచేప తప్పించుకోగలదు. మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. వేసిన చోటు, ఎన్ని బారల లోతు, వల ఎన్ని గంటలు నీళ్లలో ఉంది, చేప పొడవు ఎంత అన్నవి ప్రతి వేటకూ నోటుబుక్కులో రాయండి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి పెద్ద మరబోట్లు వస్తే తేదీ, వేళ కూడా రాసి మత్స్యశాఖకు ఇవ్వండి. న్యూఫౌండ్‌లాండ్‌లో చిన్న మత్స్యకారుల మాట చెల్లకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, మీ మాట వెనుక లెక్క ఉండాలని నా కోరిక.

వ్యాఖ్యాత: నెల్లూరు జిల్లా ఇస్కపల్లి నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత: అయ్యా, నేను చిన్న చేపలు కొని ఎండబెట్టి అమ్ముతాను. పిల్లచేపలు కొనొద్దంటే నా ఇల్లు ఎట్లా గడుస్తుంది?

అధ్యాపకులు: నెత్తళ్లు ఎదిగినా చిన్నవే తల్లీ, వాటిని నిశ్చింతగా కొనండి. పెద్ద కావలసిన జెల్ల పిల్లలనూ టేకు పిల్లలనూ మాత్రం వదిలేయండి, అవి కోళ్ల మేతకు పోయే ధరకే పోతున్నాయి. ఈ పని ఒక్కరితో కాదు. మీ పాలెం పెద్దలు దురాయి, అంటే కట్టుబాటు, వేస్తే ఊరంతా కట్టుబడుతుంది కదా, జెల్ల గుడ్లు బోటులో రాలితే ఆరోజుకు ఆ చోట మళ్లీ వల వేయకూడదని ఒక దురాయి అడగండి.

శ్రోత: వచ్చే కూటంలో మా ఆడవాళ్లమంతా వెళ్లి అడుగుతాం అయ్యా.