సత్య నాదెళ్ల: సర్వర్ గదిలోంచి కోపైలట్ దాకా

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా క్లౌడ్ పనులు చూస్తున్న ఒక ఇంజినీర్, కంప్యూటర్ సైన్స్ బోధించే ఒక ప్రొఫెసర్, వాణిజ్య వార్తలు రాసే ఒక జర్నలిస్ట్.)

వ్యాఖ్యాత: నమస్కారం. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల అనగానే మనకి మూడు ముక్కలు నోటికొచ్చేస్తాయి. హైదరాబాద్‌లో పుట్టాడు, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడు, క్రికెట్ ఆడాడు. ఈ పూట ఆ క్రికెట్ కథ ఎత్తొద్దని ముగ్గురూ మేకప్ గదిలోనే నా దగ్గర మాట తీసుకున్నారు. కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం. సార్, ఆయన్ని ఏఐ మనిషి అనొచ్చా?

ఇంజినీర్: నేనైతే అననండి. ఆయన సర్వర్ మనిషి. 1992లో సన్ మైక్రోసిస్టమ్స్ వదిలి మైక్రోసాఫ్ట్‌కి వచ్చినప్పుడు ఆయన పని విండోస్ ఎన్‌టీని కంపెనీల చేత వాడించడం. మనం ఇంట్లో పాటలు విన్న విండోస్ కాదు, ఏసీ గదిలో తాళం వేసి ఉంచే మెషీన్ మీద నడిచేది. ఆ తర్వాత వ్యాపారాల జమాఖర్చుల సాఫ్ట్‌వేర్, అదే డైనమిక్స్. ఇందులో సినిమా తీయడానికి ఏమీ దొరకదు. ఇన్‌వాయిస్, స్టాక్, లాగిన్, పర్మిషన్. అంతే.

జర్నలిస్ట్: ఒక్క మాట. మా తరం రిపోర్టర్లకి చాలాకాలం ఆయన సత్య నాదెళ్ల కాదండి, యుగంధర్ గారి అబ్బాయి. యుగంధర్ గారు 1962 బ్యాచ్ ఐఏఎస్. గ్రామీణాభివృద్ధి అంటే సెక్రటేరియట్‌లో ముందు వినిపించే పేరు. సరే, మీరు చెప్పండి సార్.

ఇంజినీర్: 2007లో ఆయన్ని సెర్చ్ ఇంజినీరింగ్‌లో వేశారు. తర్వాత అదే బింగ్ అయింది. గూగుల్ మీద గెలవదని అందరికీ తెలుసు. ఇందులో ఓడితే నీకు ఇంకో కుర్చీ దొరక్కపోవచ్చని అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ ముందే చెప్పి మరీ పంపాడంటారు. నన్నడిగితే అసలు బడి అదేనండి. ఒక్క ప్రశ్న టైప్ చేస్తే వేల మెషీన్లు కదలాలి, రెప్పపాటులో జవాబు రావాలి, ఏ జవాబు పైన పెట్టాలో మెషీన్ లెర్నింగే తేల్చాలి. ఒక మార్పు మంచిదా కాదా అన్నది బాస్ చెప్పడు, కొందరికి పాతది, కొందరికి కొత్తది చూపించి వాళ్ల క్లిక్కులే తేలుస్తాయి. పెట్టెలో సీడీ పెట్టి అమ్మిన కంపెనీలో ఈ అలవాటు లేదు.

ప్రొఫెసర్: అది నేనూ ఒప్పుకుంటాను. మా విద్యార్థులకి ఏఐ అంటే 2022 చివర్లో చాట్‌జీపీటీతో పుట్టింది. సెర్చ్‌లో వరస నిర్ణయించడం కూడా ఏఐ పనే అంటే నమ్మరు.

వ్యాఖ్యాత: 2011లో సర్వర్ అండ్ టూల్స్ విభాగం ఆయన చేతికొచ్చింది. అజూర్, అంటే సర్వర్లని ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే మైక్రోసాఫ్ట్ క్లౌడ్, దాని కథ అక్కడే మొదలైందా?

జర్నలిస్ట్: లేదండి, ఇక్కడే మనవాళ్లు చరిత్ర కొంచెం దిద్దేస్తారు. విండోస్ అజూర్‌ని ప్రకటించింది 2008 అక్టోబర్‌లో, అప్పటి చీఫ్ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ రే ఓజీ. మార్కెట్లోకి వచ్చింది 2010లో. సత్య దాన్ని కనలేదు, పెంచాడు. అలాగే 2014 మార్చిలో ఐప్యాడ్‌లో ఆఫీస్ విడుదల చేసి అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నాడు. సీఈఓ అయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. రెండు నెలల్లో ఎవరూ ఆఫీస్ రాయరు. అది బామర్ ఉండగా వండిన కూర, వడ్డించింది ఈయన.

ఇంజినీర్: ఒప్పుకుంటా. కానీ పెంచడం చిన్న పనేం కాదు సార్. 2011లో ఆయన తీసుకున్నప్పుడు ఆ విభాగం ఆదాయం ఏటా 16.6 బిలియన్ డాలర్లు, దాదాపు అంతా పాత పద్ధతిలో లైసెన్సులు అమ్మి వచ్చిందే. క్లౌడ్ అనేది అందులో ఓ మూల పడి ఉన్న పిల్ల. ఇప్పుడు ఆ లైసెన్సులమ్మే వాళ్ల దగ్గరికే వెళ్లి, రేపు మీ కస్టమర్ సర్వర్ కొనడు, మన దగ్గర అద్దెకి తీసుకుంటాడు, మీరే అది అమ్మాలి అని చెప్పాలి. సొంత ఇళ్లు కట్టి అమ్మే మేస్త్రీతో అద్దె వాటాలు చూపించమన్నట్టు. పైగా 2012 జూన్‌లో అజూర్‌లో లినక్స్ కూడా పెట్టారు, విండోస్‌కి పోటీగా ఉచితంగా దొరికే సిస్టం. 2001లో బామర్ క్యాన్సర్ అన్న లినక్స్!

వ్యాఖ్యాత: అంతా సాఫీగానే సాగిందా?

ఇంజినీర్: ఎక్కడండీ. నాకు బాగా ఇష్టమైన ప్రమాదం ఒకటుంది, చెప్పమంటారా?

వ్యాఖ్యాత: ఇష్టమైన ప్రమాదమా? (నవ్వులు) చెప్పండి.

ఇంజినీర్: అజూర్‌లో ఒక్కో సర్వర్ మీద వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు, నడుస్తాయి. ప్రతి దాంట్లో ఏజెంట్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. మెషీన్ కొత్తగా లేచినప్పుడు అది ఒక సర్టిఫికెట్, గుర్తింపు కార్డు లాంటిది, తయారుచేసుకుంటుంది, ఏడాది గడువుతో. గడువు తేదీ ఎలా లెక్కకట్టేదంటే, ఇవాళ్టి తేదీ తీసుకుని సంవత్సరానికి ఒకటి కలిపేది. ఓ రోజు ప్రపంచ సమయం ప్రకారం అర్ధరాత్రి దాటింది, మనకి పొద్దున్న 5:30. తేదీ మారింది. 2012 ఫిబ్రవరి 29. ఒకటి కలిపితే?

వ్యాఖ్యాత: 2013 ఫిబ్రవరి 29... అలాంటి రోజు లేదు కదా!

ఇంజినీర్: లేదు. సర్టిఫికెట్ పుట్టలేదు, ఏజెంట్ ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించి, కింద ఉన్న సర్వరే పాడైందనుకుంది సిస్టం. దాన్ని పక్కన పెట్టి, అందులోని మెషీన్లని ఇంకో సర్వర్ మీదికి మార్చింది. అక్కడా కొత్తగా లేవాలి కదా, అక్కడా అదే తేదీ. తెగులు పట్టిన కోడిని ఒక్కో గూట్లో పెట్టుకుంటూ పోయినట్టు, దానంతట అదే రోగాన్ని పాకించింది. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టారు, బిల్లులో 33 శాతం వెనక్కిచ్చారు. తమాషా ఏంటంటే, దాదాపు ఏడాదికి, 2013 ఫిబ్రవరి 22న, ఇంకో సర్టిఫికెట్ గడువు తీరిపోయి అజూర్ స్టోరేజ్ ప్రపంచమంతా పడిపోయింది. ఈసారి లెక్క తప్పలేదు, రెన్యువల్ సమయానికి అందలేదు. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినట్టు.

జర్నలిస్ట్: ఇది జరిగిన ఏడాదికి ఆయన సీఈఓ అయ్యాడు. (నవ్వులు)

వ్యాఖ్యాత: 2014 ఫిబ్రవరి 4. ఆ తర్వాతివి గబగబా చెప్పేద్దాం. నోకియా ఫోన్ల మీద పెట్టిన డబ్బు 2015లో నష్టంగా రాసేశారు, 7.6 బిలియన్ డాలర్లు. 2016లో లింక్డ్ఇన్, 2018లో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ కొన్నారు. మేడం, ఏఐకి వద్దాం.

ప్రొఫెసర్: సీఈఓగా ఏఐలో ఆయన తొలి అడుగుల్లో ఒకటి తప్పటడుగే. 2016 మార్చిలో టే అని ఒక చాట్‌బాట్ ట్విటర్‌లో వదిలారు. జనం దానికి ఏ బూతులు నేర్పారో అవే తిరిగి మాట్లాడింది. ఒక్క రోజు నిండకుండానే తీసేశారు. నేను క్లాసులో ఎక్కువగా చెప్పేది మాత్రం 2019 జూన్ నాటి ఒక ఈమెయిల్. గూగుల్ మీద నడిచిన కేసులో అది బయటికొచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో టెక్నాలజీ చూసే సీటీఓ కెవిన్ స్కాట్ రాశాడు, సత్యకీ బిల్ గేట్స్‌కీ. సారాంశం ఏంటంటే, పెద్ద మోడళ్లని, అంటే బోలెడంత డేటా చదివి నేర్చుకునే ఏఐ ప్రోగ్రాంలని, తయారుచేసే విషయంలో మనం పోటీవాళ్లకంటే కొన్నేళ్లు వెనకబడ్డాం, నాకు చాలా భయంగా ఉంది. గూగుల్ వాళ్ల బెర్ట్ లాంటి మోడల్‌ని మళ్లీ తయారుచేయడానికి వీళ్లకి ఆరు నెలలు పట్టిందట. తెలివి లేక కాదు, సర్వర్లు ఆ పనికి సిద్ధంగా లేక.

ఇంజినీర్: చూశారా, మళ్లీ సర్వర్లే!

ప్రొఫెసర్: ఉండండి, అసలు ముక్క చెప్పనివ్వండి. సత్య దాన్ని ఫైనాన్స్ చూసే ఎమీ హుడ్‌కి పంపుతూ, నేనీ పని ఎందుకు చేయాలంటున్నానో ఇందులో ఉంది, సర్వర్లు చూసే మన ఇన్‌ఫ్రా వాళ్లు కూడా పని చేసి చూపించాలి అన్నట్టు రాశాడు. మరుసటి నెలలోనే ఓపెన్ఏఐలో, తర్వాత చాట్‌జీపీటీ తెచ్చిన కంపెనీలో, 1 బిలియన్ డాలర్లు పెట్టారు. మరుసటి ఏడాది వాళ్ల కోసం అజూర్‌లో ఒక సూపర్ కంప్యూటర్ కట్టారు, ఏఐ లెక్కలు చేసే చిప్‌లు, అదే జీపీయూలు, 10,000, మామూలు సీపీయూ కోర్లు 2,85,000. అంటే ఆయన మోడల్ కనిపెట్టలేదు. మోడల్ కనిపెట్టేవాళ్లకి స్థలం, కరెంటు, మెషీన్లు ఇచ్చి, పండిన పంటని తన కొట్లో అమ్మాడు.

జర్నలిస్ట్: కౌలుకిచ్చాడన్నమాట.

ప్రొఫెసర్: మోటుగా అలాగే అనుకోండి. 2021 జూన్‌లో కోడ్ రాయడానికి సాయపడే గిట్‌హబ్ కోపైలట్ ప్రివ్యూ వచ్చింది. చాట్‌జీపీటీకి ఏడాదిన్నర ముందు. కోడ్ రాసేవాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. నెలకి 10 డాలర్లు పెట్టి కొంటారా అని నేనే నవ్వాను. ఇప్పుడు మా ఫైనలియర్ పిల్లలకి అది లేకపోతే ఫర్ లూప్ కదలదు.

వ్యాఖ్యాత: ఆఫీసుల్లోకి వచ్చిన కోపైలట్ సంగతి? సార్, మీరు దగ్గరుండి పెట్టించారు కదా.

ఇంజినీర్: 2023 నవంబర్ 1 నుంచి అమ్మకం. అప్పట్లో మనిషికి నెలకి 30 డాలర్లు, ఉన్న లైసెన్సు మీద అదనం. అది పనిచేసే తీరు చెప్తే మిగతాది అర్థమైపోతుంది. మీరు ప్రశ్న అడగ్గానే అది నేరుగా మోడల్‌కి పోదు. ముందు మీ మెయిళ్లు, ఫైళ్లు, టీమ్స్ మాటలు వెతికి, సంబంధం ఉన్న ముక్కలు ఏరి, వాటిని ప్రశ్నతో కలిపి అప్పుడు మోడల్‌కి ఇస్తుంది. ఎక్కడ వెతుకుతుంది? మీ లాగిన్‌కి ఏవి తెరుచుకుంటాయో వాటిలోనే. ఎవరికి ఏది కనపడాలి అన్న లెక్క ఇరవై ఏళ్లుగా కంపెనీల్లో ఉన్నదే, ఉద్యోగుల లాగిన్లు, పర్మిషన్లు చూసే యాక్టివ్ డైరెక్టరీ నాటి నుంచీ. కొత్తగా వచ్చిన ఏ ఏఐ కంపెనీకైనా ముందు ఈ తాళాల గుత్తి కావాలి. మైక్రోసాఫ్ట్‌కి అది మొలలోనే ఉంది.

వ్యాఖ్యాత: మరి ఇబ్బంది ఎక్కడొచ్చింది?

ఇంజినీర్: నేను ఇదివరకు పనిచేసిన చోట, పేరొద్దు లెండి, ముందుగా 50 మందికి ఇచ్చాం. రెండో రోజు కొత్తగా చేరిన ఒకమ్మాయి, మా టీం బడ్జెట్ ఎంత అని అడిగింది. అది బడ్జెట్ చెప్పింది, కింద మా మేనేజర్ జీతం కూడా చెప్పింది. పైసలతో సహా. ఆ అమ్మాయి పాపం భయపడి ల్యాప్‌టాప్ మూసేసి నా దగ్గరికొచ్చి, అన్నా, నేనేం హ్యాక్ చేయలేదు అంది. వెతికితే ఏం తేలిందంటే, మూడేళ్ల కిందట హెచ్ఆర్‌లో ఎవరో తొందరలో ఒక సైట్‌కి 'అందరికీ' అని పర్మిషన్ ఇచ్చేసి మర్చిపోయారు. ఫైలు ఆ మూడేళ్లూ తెరిచే ఉంది. ఎవరికీ దారి తెలియదు కాబట్టి గుట్టు నిలిచింది. కోపైలట్ దారి చూపించింది.

వ్యాఖ్యాత: మేనేజర్ ఏమన్నారు?

ఇంజినీర్: ఆయన జీతం తక్కువని అందరికీ తెలిసిపోయిందని బాధపడ్డాడు. (నవ్వులు) మాకు మాత్రం ఏఐ పని పదిహేను రోజులైతే, పర్మిషన్లు దులపడం నాలుగు నెలలు పట్టింది.

జర్నలిస్ట్: తాళాల గుత్తి అన్నారు కాబట్టి గుర్తుచేస్తాను. 2023లో మైక్రోసాఫ్ట్ సంతకపు తాళంచెవే, లాగిన్ అసలుదేనని ముద్ర వేసేది, దొంగల చేతిలో పడింది. అమెరికా ప్రభుత్వ అధికారుల మెయిళ్లు చదివేశారు. అక్కడి సైబర్ సమీక్షా బోర్డు 2024 ఏప్రిల్‌లో, ఇది తప్పించుకోగలిగిన తప్పే, ఒకటి కాదు వరసగా జరిగిన తప్పులు అని కుండబద్దలు కొట్టింది. మేలో సత్య ఉద్యోగులకి రాశాడు, కొత్త ఫీచరా భద్రతా అన్నప్పుడు భద్రతే ఎంచుకోండి అని. బాగుంది. అదే మే నెలలో రీకాల్ ప్రకటించారు, మీ స్క్రీన్‌ని కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచిపెట్టే ఫీచర్. నిపుణులు గగ్గోలు పెడితే జూన్‌లో వాయిదా వేశారు. చెప్పేదొకటి చేసేదొకటి అనను గానీ, 2025లో ఒక పక్క రికార్డు లాభాలు, ఇంకో పక్క మేలో 6,000, జులైలో 9,000 ఉద్యోగాల కోత. మనవాడు అని మనం ఈ లెక్క అడగడం మానేస్తున్నాం.

ప్రొఫెసర్: మనవాడు అంటే నాకు ఇంకో లెక్క ఉంది. మోడల్ వాక్యాన్ని టోకెన్లుగా ముక్కలు చేసి చదువుతుంది, బిల్లు ముక్కల లెక్కనే. 2024 మేలో జీపీటీ 4ఓ అనే మోడల్ వచ్చినప్పుడు ఓపెన్ఏఐ ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒకే పలకరింపు, ఇంగ్లిష్‌లో పాత పద్ధతిలో 27 ముక్కలు, తెలుగులో 159. అదే మాట తెలుగులో చెప్తే దాదాపు ఆరు రెట్లు ఖర్చు. కొత్త పద్ధతిలో తెలుగు 45కి దిగింది, ఇంగ్లిష్ 24. ఇంకా రెట్టింపుకి దగ్గర్లో ఉన్నాం. మన పంచాయతీ ఆఫీసుకో, రైతుకో తెలుగులో జవాబిచ్చే పని పెట్టుకుంటే తేలేది ఈ లెక్క దగ్గరే. రెడ్మండ్‌లో, మైక్రోసాఫ్ట్ హెడ్డాఫీసులో, ఎవరు కూర్చున్నారు అన్నది దీన్ని మార్చదు.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. ఒక్క ప్రశ్న, సార్. అమీర్‌పేటలో ఇప్పుడు ప్రతి గోడ మీదా ప్రాంప్ట్ ఇంజినీరింగ్, అంటే ఏఐని ఎలా అడగాలో నేర్పే, కోర్సు బోర్డే. మా అబ్బాయిని చేర్పించమంటారా?

ఇంజినీర్: చేర్పించండి, తప్పేం లేదు. కానీ దాంతో పాటు లినక్స్, నెట్‌వర్కింగ్, ఐడెంటిటీ, పర్మిషన్లు నేర్పే మూల బెంచీ క్లాసు కూడా ఉంటుంది, ఏసీ ఉండదు, అందులో కూడా.

జర్నలిస్ట్: ఈయన ఇంకా 2012లోనే ఉన్నాడండి.

ఇంజినీర్: ఉండకేం చేస్తాను? వచ్చే ఫిబ్రవరి 29 2028లో, మంగళవారం. మా టీంలో ఆ రోజుకి ఎవరికీ సెలవు ఇవ్వొద్దని ఇప్పుడే క్యాలెండర్లో పెట్టేశాను.