ఉద్యోగం చేసుకుంటూ కోర్సు కడుతున్నారా? ముందు గంటలు లెక్కేయండి

[దృశ్యం: తెల్లారకముందే తిరుపతిలో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ జనం]

"ఈ వయసులో సదువేందబ్బా" అంటారు ఇంట్లో. అననీండి. ఐటీఐలో చేరడానికి 14 ఏళ్లు నిండాలి, అంతే. పై వయసుకు హద్దు లేదు. వెల్డర్‌ అయితే ఎనిమిది పాసైనా చాలు, ఏడాదిలో అయిపోతుంది. అసలు చిక్కు టైముతోనే.

కమ్యూనిటీ కాలేజీ అన్న మాట అమెరికాది. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో మొదలైంది. ఊరు వదల్లేని వాళ్లకు ఉన్నచోటే రెండేళ్ల కాలేజీ చదువు చెప్పడం దాని పని. ఉద్యోగ కోర్సులు తర్వాత వచ్చి చేరాయి. మన దగ్గర యూనివర్సిటీలను చూసే యూజీసీ 2013లో ఇదే పేరుతో పథకం తెచ్చింది.

[తెరపై: 6 నెలలు – సర్టిఫికెట్ | 1 ఏడు – డిప్లొమా | 2 ఏళ్లు – అడ్వాన్స్‌డ్ డిప్లొమా | 3 ఏళ్లు – బీవోక్ (ఒకేషనల్ డిగ్రీ)]

ఒక మెట్టు పూర్తయ్యాక ఆపినా అప్పటిదాకా చదివినదానికి కాగితం చేతికొస్తుంది. ఇల్లు నడిపేవాళ్లకు ఇందులో నచ్చాల్సింది ఇదే.

ఇప్పుడు లెక్క. సర్టిఫికెట్‌కు 30 క్రెడిట్లు. క్రెడిట్‌కు సుమారు 15 గంటలు, మొత్తం 450. రోజుకు 3 గంటలైతే 150 రోజులు. నెలకు 25 రోజులు ఒక్కటీ పోకుండా వెళ్తేనే ఆరు నెలల్లో తేలుతుంది. ఇంటర్న్‌షిప్‌ గంటలకు సగమే విలువ, అంటే క్రెడిట్‌కు 30 గంటలు.

30లో 18 చేతిపనికి, 12 మామూలు చదువుకు. ఆ 12ను దండగ అనుకుంటారు చాలామంది. మెయిలు రాయడం, రిపోర్టు చదవడం వంటివి అక్కడే వస్తాయి. సూపర్‌వైజర్‌ పోస్టు దగ్గర వెనక్కి లాగేది ఎక్కువగా అవే.

పది తప్పారా? కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో కట్టండి. పాత బోర్డులో పాసైన సబ్జెక్టులు రెండు వరకు కలుపుకోవచ్చు. ఆ సంగతి చేరేటప్పుడే అడగండి. ఒకసారి చేరితే ఐదేళ్లు, తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు.

[దగ్గరి దృశ్యం: పక్కపక్కన పదో తరగతి మెమో, ఆధార్]

దరఖాస్తులు ఆగేది ఇక్కడ. మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. లేదా మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. మెమో దిద్దించడం పెద్ద తంతు, కాబట్టి ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోండి. అయితే పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. స్పెల్లింగ్‌ ఒకటికి రెండుసార్లు చూసుకుని ఇవ్వండి.

బస్టాండు చుట్టూ గోడల మీద "జాబ్ గ్యారంటీ" పోస్టర్లకు కొదవలేదు. ఫీజు కట్టకముందు ఇవి అడగండి: సర్టిఫికెట్‌ ఇచ్చేది ఎవరు, ఎన్‌ఎస్‌క్యూఎఫ్‌లో (నైపుణ్యాలకు కేంద్రం పెట్టిన లెవెళ్ల పట్టిక) ఏ లెవెల్‌, ప్రాక్టికల్‌ ఎన్ని గంటలు. ఇంటర్న్‌షిప్‌ ఏ కంపెనీలోనో కాగితం మీద రాసివ్వమనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

[దృశ్యం: షిఫ్టు చార్టు]

శ్రీసిటీ, రేణిగుంట వైపు షిఫ్టుల్లో చేసేవాళ్లకు ఇంకో మాట. ఐటీఐ పరీక్షకు 80 శాతం హాజరు ఉండాలి. వారం వారం షిఫ్టు మారితే అది దక్కదు, ఫీజు పోయినట్టే. అందుకే అడ్మిషన్‌ కంటే ముందే హెచ్‌ఆర్‌ను కలిసి, కోర్సు అయ్యేదాకా ఒకే షిఫ్టు ఇస్తామని లెటర్‌ తీసుకోండి. సూపర్‌వైజర్‌ నోటిమాట ఆయన బదిలీ అయ్యేదాకానే.