ముందు ఇంటికి ఫోన్ చేయండి
(నెల్లూరులో మెకానిక్ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బండ్లంటే ప్రాణం పెట్టే తమ్ముళ్లు చాలామంది వచ్చారు. నేను మాట్లాడాలనుకున్నది మాత్రం వెనక వరుసల్లో కూర్చున్న వాళ్ల అమ్మలతో, అక్కలతో.

మా నాన్న లారీ మెకానిక్. కుర్రతనంలో మద్రాసు దారిలో షోలవరం దగ్గర పాత రన్‌వే మీద జరిగే రేసులు చూడటానికి, దొరికిన లారీ ఎక్కి వెళ్లేవాడు. ఆ పిచ్చి మా తమ్ముడికి వచ్చింది. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఆరేళ్లు బైక్ రేసులు చేశాడు. కోవూరులో మాకున్న ఎకరం మాగాణి మొదటి రెండేళ్లకే అయిపోయింది. టైర్లు, లెదర్ సూటు, ఎంట్రీ ఫీజు, పడ్డప్పుడల్లా రిపేరు. ఆ పొలం గురించి మా అమ్మ ఒక్కరోజు కూడా ఎత్తలేదు.

రేసు రోజు పొద్దున్నే వాడు ఫోన్ చేసి "తిన్నావా అమ్మా" అనేవాడు. "తిన్నా నాయనా" అనేది. రేసయ్యాక వాడు మళ్లీ ఫోన్ చేసేదాకా ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. అది వాడికి తెలియదు. ముందురోజు ప్రాక్టీసులో పడి మోచేయి చెక్కుకుపోయిందని వాడూ ఆమెకు చెప్పేవాడు కాదు. ఒకరికి టెన్షన్ పెట్టకూడదని ఇంకొకరు, ఆరేళ్లు ఇద్దరూ అబద్ధాలే ఆడుకున్నారు.

1960ల్లో, కార్ల రేసుల్లో అన్నిటికన్నా పెద్దదైన ఫార్ములా వన్‌లో, డ్రైవర్ల భార్యలు చాలామంది పిట్స్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపి చూసుకునే చోట, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేవారు. కారు చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ టైము కాగితం మీద రాయాలి. రావాల్సిన టైముకు కారు రాకపోతే ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. పెన్ను పట్టుకున్న ఆ చేతిని ఒక్కసారి తలుచుకోండి. యోఖెన్ రింట్ అనే డ్రైవర్ భార్య నీనా అలా టైములు రాసినవాళ్లలో ఒకరు. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజా ట్రాక్ మీద, రేసుకు ముందురోజే, ఆయన చనిపోయాడు. ఆయన అప్పటికే తెచ్చుకున్న పాయింట్లను ఆ సీజన్‌లో ఎవరూ దాటలేకపోయారు. ప్రపంచ చాంపియన్ కప్పు తీసుకెళ్లి నీనా చేతికిచ్చారు. వాళ్ల పాపకు రెండేళ్లు.

జూల్స్ బియాంచి అనే ఫార్ములా వన్ డ్రైవర్ అమ్మానాన్నలది ఇంకో రకం ఎదురుచూపు. 2014 అక్టోబరు 5న, జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద వాన పడుతుండగా అతని కారు జారి, వేరే కారును తొలగిస్తున్న ట్రాక్టర్‌ను గుద్దింది. స్పృహ రాకుండానే తొమ్మిది నెలలు. 2015 జులై 17న పోయాడు. అతని తాత అన్న లూసియన్ కూడా 1969లో ఫ్రాన్స్‌లోని లె మాన్ ట్రాక్ మీదే పోయాడు.

ట్రాక్ మారింది, నేను కాదనను. 2018 నుంచి ఫార్ములా వన్ కార్లలో డ్రైవర్ తల చుట్టూ హేలో అనే గట్టి కమ్మీ పెడుతున్నారు. 2020లో బహ్రెయిన్‌ రేసులో గుద్దుకుని అంటుకున్న కారు మంటల్లోంచి ముగ్గురు పిల్లల తండ్రి, డ్రైవర్ రొమైన్ గ్రోజాన్ తనంతట తాను బయటికి రాగలిగాడంటే అందులో దానికి పెద్ద పాత్ర ఉంది. ఇంట్లో కూర్చున్నవాళ్ల కోసం ఎవరేం మార్చారు?

2023 ఆగస్టులో, మా తమ్ముడు నడిపిన ఆ ట్రాక్ మీదే, బెంగళూరు కుర్రాడొకడు రేసులో పడి చనిపోయాడు. పదమూడేళ్లవాడు. వార్త విని మా అమ్మ అడిగింది ఒక్కటే: "ఆ తల్లికి ఎవరు చెప్పారో, ఎట్లా చెప్పారో?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. మా తమ్ముడు పడ్డ రోజు మాకు ఎవరూ ఫోన్ చేయలేదు. ఎవరో వాట్సాప్‌లో పెట్టిన వీడియో వచ్చింది. బండి గాల్లోకి లేచినంతవరకే ఉంది అందులో. కాలర్ బోన్ విరిగిందని, ప్రాణానికేం లేదని తెలిసేసరికి రెండు గంటలు పట్టింది. అమ్మ ఆ రెండు గంటలూ గడపలో నిలబడే ఉంది.

వాడిప్పుడు రేసులు మానేసి, కుర్రాళ్లకు బండ్లు ట్యూన్ చేసి పెడుతున్నాడు. టీమ్‌తో వెళ్లేవాళ్లలో ఒకరికి ఒకటే పని ఉండాలంటాడు: ఏం జరిగినా పది నిమిషాల్లో ఇంటికి ఫోన్ చేయడం. బండి ముట్టుకునే ముందు ప్రతి కుర్రాడి ఇంటి నంబరు ఒక నోటుబుక్కులో రాయించుకుంటాడు. ఆ పుస్తకం ఇవాళ తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. అమ్మా, వెళ్లేటప్పుడు మీ నంబర్లు మీ చేత్తోనే రాసి వెళ్లండి.